కలియుగ భీముడు – మన కోడి రామమూర్తి

గడచిన విద్యాసంవత్సరంలో మన బడి పెద్ద తరగతి పిల్లలకు, నచ్చిన వీరుడి గురించి తెలుగులో ఐదు నిమిషాలు మాట్లాడమని చెప్పాము. ఝాన్సీ లక్ష్మీబాయి ఇద్దరికి, అల్లూరి సీతారామరాజు ముగ్గురికి వచ్చారు. ఒక పిల్లవాడు మాత్రం మహమ్మద్ అలీని ఎంచుకున్నాడు. హెవీవెయిట్ బాక్సింగ్ కిరీటాన్ని 1964లో ఒకసారి, 1974లో కిన్షాసాలో మరోసారి, 1978లో మూడోసారి ఎలా గెలుచుకున్నాడో చక్కని తెలుగులో చెప్పాడు. చప్పట్లు అయ్యాక వాడే మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. మన తెలుగువాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎవరూ లేరా అని.

మేము వెంటనే కోడి రామమూర్తి అన్నాము. కోడి అనగానే క్లాసంతా ఒకటే నవ్వు! ఇంటిపేరు అది అని నచ్చజెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. తరువాత ఏనుగు సంగతి చెప్పాము. అప్పుడు నవ్వు ఆగింది. ఆ వెనువెంటనే అదే పిల్లవాడు, అది నిజమేనా, ఎలా సాధ్యం అని అడిగాడు. మేము ఇంజనీరింగు చదివాము, ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాము, కానీ ఆ ప్రశ్నకు ఆరోజు మా దగ్గర సరైన సమాధానం లేదు. చిన్నప్పుడు మా తాతగారు చెప్పగా విన్నాము, నమ్మాము, అంతే. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

కోడి రామమూర్తి నాయుడు గారు 1880ల తొలి సంవత్సరాల్లో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీ. మనకు తెలిసి శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు గారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. అదుపు లేకుండా తిరుగుతున్న పిల్లవాడిని తండ్రి విజయనగరంలో తమ్ముడు నారాయణస్వామి గారి దగ్గరకు పంపించారు. ఆయన పోలీసు శాఖలో పనిచేసేవారు. చదువు మీద పెద్దగా మనసు నిలవని పిల్లవాడికి అక్కడ కుస్తీ గోదా దొరికింది.

విజయనగరం గురించి ఒక్క మాట. గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం రాసిన ఊరు, ఆదిభట్ల నారాయణదాసు గారు హరికథ చెప్పిన ఊరు. సంస్థానం వారు కవులను, గాయకులనే కాక వస్తాదులను కూడా పోషించేవారు. ఉత్తరాంధ్రలో పేటపేటకీ సాము గరిడీలు ఉండేవి. ఎర్రమట్టి గోదాలో తెల్లవారుజామున దండీలు, బస్కీలు తీయడం, లోడీలు తిప్పడం, పండగనాడు కర్రసాము చూపడం మామూలు విషయం. ఇప్పటి పిల్లలకు జిమ్ ఎలాగో వాళ్ళకు గరిడీ అలాగ. తేడా ఏమిటంటే అక్కడ నెలసరి ఫీజు లేదు, గురువుకు దక్షిణ ఉంటుంది, అద్దాలు ఉండవు!

తరువాత ఆయన మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, తిరిగి విజయనగరం వచ్చి, తాను చదువుకున్న చోటే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. అంటే మన బడిలో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పే మాలాంటివాళ్ళకు ఆయన ఒకరకంగా సహోద్యోగి. అక్కడితో ఆగి ఉంటే ఆయన పేరు విజయనగరం దాటేది కాదు.

దాటడానికి కారణం సర్కస్. మన దేశంలో తొలి భారతీయ సర్కస్‌ను విష్ణుపంత్ ఛత్రే గారు 1880లో బొంబాయిలో మొదలుపెట్టారు. ఆ తరువాత కేరళలో తలశ్శేరి దగ్గర కీలేరి కుంజికణ్ణన్ గారు సర్కస్ బడి పెట్టారు. బెంగాల్లో బోసు గారి సర్కస్ ఊరూరా తిరిగింది. సినిమా ఇంకా రాని రోజులు. రైలు మాత్రం వచ్చింది. డేరా, ఏనుగులు, మనుషులు అందరినీ రైల్లో ఎక్కించి ఏ ఊళ్ళోనైనా దిగవచ్చు. విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడి సలహాతో, సాయంతో రామమూర్తి గారు సొంత సర్కస్ కంపెనీ పెట్టారు. తెలుగు సంస్థానాధీశులు ఒకరిద్దరు అండగా నిలిచారు. డేరా మద్రాసు చేరింది, పూనా చేరింది, అలహాబాదు, కలకత్తా చేరింది. ఉత్తరాదిన ఆయన పేరు ప్రొఫెసర్ రామమూర్తి. ఆ రోజుల్లో బలప్రదర్శన చేసేవారిని ప్రొఫెసర్ అనడం దేశదేశాల్లో వాడుక. హిందీవాళ్ళు, బెంగాలీలు ఇప్పటికీ ఆయనను ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. ఆయన తెలుగువాడన్న సంగతి అక్కడ చాలామందికి తెలియదు, అది వేరే బాధ.

ప్రదర్శనలో ఏం ఉండేది? ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారు. రెండు కార్లకు కట్టిన గొలుసులు భుజాలకు తగిలించుకుని, అవి చెరోవైపు లాగుతుంటే కదలకుండా నిలబడేవారు. చివరగా నేలమీద పడుకుంటే, గుండెలమీద బల్ల పెట్టి దానిమీదుగా ఏనుగును నడిపించేవారు. జనం ఊపిరి బిగబట్టేది అప్పుడే.

ఇక పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. ఇదంతా ఎలా సాధ్యం?

మొదట కార్లు. మేము కాగితం, పెన్నూ తీసుకుని కూర్చున్నాము. ఆ కాలపు కారు ఒక టన్ను బరువు ఉందనుకుందాము. అందులో సగానికి కాస్త ఎక్కువ బరువు వెనుక చక్రాల మీద ఉంటుంది, కారును నడిపేవి అవే. మట్టి నేలమీద ఆ చక్రాలకు దొరికే పట్టు వాటిమీద ఉన్న బరువులో సుమారు నలభై శాతం. అంటే ఆ కారు మహా లాగితే రెండువందల పైచిలుకు కిలోల బలంతో లాగగలదు. ఆపైన ఇంజను ఎంత గర్జించినా చక్రాలు మట్టిని తవ్వుతూ ఉన్నచోటే తిరుగుతాయి. రెండువందల కిలోలు! చిన్న విషయం కాదు, కానీ మానవమాత్రుడికి అసాధ్యమూ కాదు.

ఇక్కడే ఒక తమాషా ఉంది. ఒక కారును ఆపడం కంటే చెరోవైపునా ఉన్న రెండు కార్లను ఆపడం ఒక విధంగా తేలిక. ఒకే కారు అయితే రెండువందల కిలోల లాగుడును పాదాలు నేలకు అప్పగించాలి. వంద కిలోల మనిషి పాదాలకు అంత పట్టు ఉండదు, జారిపోతాడు. ఏదైనా రాయికో మెట్టుకో కాలు దన్నుకోవాలి. రెండు కార్లు ఎదురెదురుగా లాగితే ఒక లాగుడు రెండోదానికి సరిపోతుంది. పాదాలకు పని లేదు. కానీ ఆ రెండు లాగుళ్ళ మధ్య ఉన్నది మనిషి భుజాలు, వెన్ను, ఛాతీ. ఆయన శరీరం అక్కడ ఒక గొలుసు లంకె. లంకె తెగకూడదు, అంతే. మన కార్యక్రమం రోజున ఇద్దరు తండ్రులను, ఒక తాడును పెట్టి ఇది పిల్లలకు చూపించాము. మధ్యలో నిలబడినవారు మేమే. రెండు రోజులు భుజం నొప్పి!

ఏనుగు సంగతి ఇంకా బాగుంటుంది. రెండున్నర టన్నుల ఏనుగు అనుకుందాము. బల్ల ఛాతీ మీద, పొట్టమీద, తొడలమీద మూడు చదరపు అడుగుల మేర ఆని ఉందనుకుంటే, చదరపు సెంటీమీటరుకు పడేది ఒక కిలో కంటే తక్కువే. పైగా బల్ల చివరలు నేలకు తగిలినప్పుడు బరువులో కొంత నేల మోస్తుంది. ఏనుగు నడిచిపోతున్నది కాబట్టి పూర్తి బరువు కొన్ని క్షణాలే. అయినా ఆ క్షణాల్లో పక్కటెముకలు వంగకుండా ఉండాలంటే లోపల నుంచి ఎదురొత్తిడి కావాలి. దానికే ఆయన వాయుస్తంభన అనేవారు. నిండా ఊపిరి తీసుకుని గొంతు మూసి బిగపడితే ఛాతీ గాలి నింపిన టైరులా గట్టిపడుతుంది. ఇప్పటి వెయిట్ లిఫ్టర్లు బార్ ఎత్తేముందు చేసేదీ అదే, నడుముకు బెల్టు కట్టుకునేదీ అందుకే. యూరపులో శాండో కూడా బల్ల మీద గుర్రాలను నిలబెట్టుకునేవాడు. 1905 ప్రాంతంలో శాండో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఆ తరువాతే రామమూర్తి గారిని ఇండియన్ శాండో అనడం మొదలైంది. గుర్రాలకు బదులు ఏనుగు అంటే మనవాడు ఒక మెట్టు పైనే కదా!

కాబట్టి లెక్క ప్రకారం ఇది మాయ కాదు, మంత్రం కాదు. బల్ల ఒక వంతెన, మనిషి దాని స్తంభం. మాకు ఈ లెక్క వేశాక ఆయన మీద గౌరవం తగ్గలేదు, పెరిగింది. మంత్రం అయితే ఎవరికైనా పనిచేయాలి. ఇది ఏళ్ళ తరబడి గోదా మట్టిలో కట్టుకున్న శరీరానికే పనిచేస్తుంది. (పిల్లలూ, దయచేసి ఇంట్లో తమ్ముణ్ణి పొట్టమీద నిలబెట్టుకోకండి. మీ అమ్మలు మాకు ఫోన్ చేస్తారు.)

ఆయన శుద్ధ శాకాహారి. కండ పెరగాలంటే మాంసం తినాల్సిందే అని మన పిల్లలతో వాదించే జిమ్ కోచ్‌లకు ఈ సంగతి చెప్పండి.

ఇంతకీ ఒక మనిషి గుండెలమీద ఏనుగు నడిస్తే దేశం ఎందుకంత పొంగిపోయింది? ఇది అర్థం కావాలంటే ఆ కాలం తెలియాలి. మెకాలే 1841లోనే బెంగాలీల శరీరం బలహీనమైనదని రాసిపెట్టాడు. తరువాత దొరలు భారతీయులను యుద్ధానికి పనికొచ్చే జాతులు, పనికిరాని జాతులు అని విడదీశారు. 1885 నుంచి 1893 దాకా సర్వసేనానిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ అంతకుముందు మద్రాసు సైన్యానికి అధిపతి. దక్షిణాది సిపాయిలు యుద్ధానికి పనికిరారని ఆయన అభిప్రాయం. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీకి యుద్ధాలు గెలిపించిన తెలుగు సిపాయిల స్థానం ఆ తరువాత సైన్యంలో తగ్గుతూ వచ్చింది. అంటే రామమూర్తి గారు వీరఘట్టంలో ఆడుకుంటున్న వయసులో, తెలుగువాడి ఒళ్ళు యుద్ధానికి పనికిరాదని సర్కారు వారు తీర్మానించుకుంటున్నారు.

దానికి జవాబుగా బెంగాల్లో 1902లో అనుశీలన సమితి, సరళాదేవి చౌధురాణి గారి వ్యాయామ ఉద్యమం వచ్చాయి. మహారాష్ట్రలో లోకమాన్య తిలక్ గారు తాలింఖానాలను ప్రోత్సహించారు. ఒళ్ళు పెంచడం అప్పుడు సొంత ముచ్చట కాదు, దేశం పని. తిలక్ గారు పూనాలో రామమూర్తి గారి ప్రదర్శన చూసి మల్లమార్తాండ బిరుదు ఇచ్చారని ప్రసిద్ధి. అలహాబాదు కాంగ్రెస్ సభల సమయంలో ఆయన ప్రదర్శన చూసి మదనమోహన మాలవీయ గారు విదేశాలకు వెళ్ళమని ప్రోత్సహించారని కూడా చెబుతారు. విశాఖపట్నంలో వైస్రాయ్ లార్డ్ మింటో కారును ఆపేశారన్న కథ మా తాతగారికి అన్నిటికంటే ఇష్టమైనది. మింటో 1905 నుంచి 1910 దాకా వైస్రాయ్. ఆ కారు ఎంతసేపు ఆగిందనేది చెప్పేవారిని బట్టి మారుతుంది. మా తాతగారు చెప్పినప్పుడల్లా ఒక ఐదు నిమిషాలు పెరిగేది. కానీ దొర కారు మన మనిషి చేతిలో కదలకుండా ఆగిపోయిందన్న మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు మాత్రం మారేది కాదు. ఆ కథ ఎందుకు పుట్టిందో, ఎందుకు బతికిందో ఆ ముఖం చూస్తే తెలిసేది.

అదే కాలంలో ప్రపంచంలో ఇంకెక్కడ ఏం జరుగుతోందో చూడండి. 1908 డిసెంబరు 26న సిడ్నీలో జాక్ జాన్సన్ అనే నల్లజాతి బాక్సర్ టామీ బర్న్స్‌ను ఓడించి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. నల్లవాడు ఆ కిరీటం పెట్టుకోవడం అదే మొదలు. దాన్ని తిరిగి తెల్లవారికి తెచ్చిపెట్టమని, రిటైరైపోయిన జిమ్ జెఫ్రీస్‌ను బతిమాలి దింపారు. 1910 జూలై 4న రీనోలో జాన్సన్ ఆయన్నీ ఓడించాడు. ఆ రాత్రి అమెరికా పట్టణాల్లో అల్లర్లు చెలరేగి, అనేకమంది నల్లవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1911లో లండన్‌లో జాన్సన్, బ్రిటిష్ ఛాంపియన్ వెల్స్‌తో తలపడాల్సి ఉండగా, అప్పటి హోంమంత్రి చర్చిల్ హయాంలో ఆ పోటీని జరగనివ్వలేదు. నల్లవాడు తెల్లవాణ్ణి కొడితే చూసిన వలసదేశాల వాళ్ళు ఏమనుకుంటారో అని భయం!

1910లోనే మన గామా పహిల్వాన్ లండన్ వెళ్ళాడు. పొట్టివాడని పోటీలో చేర్చుకోలేదు. ఎవరినైనా కొద్ది నిమిషాల్లో పడగొడతానని సవాలు విసిరి గోదాలోకి దిగాడు. సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జబిస్కోతో కుస్తీ రెండున్నర గంటలకు పైగా సాగింది. జబిస్కో ఎక్కువసేపు నేలకు అంటుకుపోయి తప్పించుకున్నాడు. వారం తరువాత మళ్ళీ పట్టు పట్టాల్సిన రోజున ఆయన రానేలేదు. గామాకు జాన్ బుల్ బెల్టు దక్కింది.

మన రామమూర్తి గారి దారి వేరు. ఆయన ఎదుట నిలిచింది మనిషి కాదు. ఇనుము, యంత్రం, ఏనుగు. తెల్లవాణ్ణి ఓడించలేదు కనుక ఆయన్ని ఆపడానికి ఎవరికీ సాకు దొరకలేదు. పైగా పిలిచి సన్మానించారు. లండన్‌లో ఐదవ జార్జి రాజు, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చారని, ఇండియన్ హెర్క్యులిస్ అన్న బిరుదు అక్కడిదేనని మనవాళ్ళు చెప్పుకుంటారు. మాకు ఒక్కోసారి అనిపిస్తుంది, జాన్సన్‌కు దక్కింది అవమానం, మనవాడికి దక్కింది విందు, ఇద్దరిలో దొరలను నిజంగా భయపెట్టింది ఎవరు అని. ఇది రామమూర్తి గారిని తక్కువ చేయడానికి అంటున్నది కాదు. బలం చూపితే మెచ్చుకుంటారు, ఆ బలంతో ఎదురు నిలబడితే ఊరుకోరు. ఆ తేడా ఆయనకు తెలియకుండా ఉంటుందా? సంపాదించిన డబ్బు ఎక్కడికి పోయిందో చూస్తే ఆయనకు బాగా తెలుసనే అనిపిస్తుంది. ఆ సంగతి తరువాత.

స్పెయిన్ కథ ఒకటి ఉంది. అక్కడ ఎద్దుల పోటీ చూడటానికి వెళితే, ఆయనను బరిలోకి దిగమన్నారట. చేతిలో కత్తి లేదు, గుడ్డ లేదు. ఉరికొచ్చిన ఎద్దు కొమ్ములు రెండు చేతులతో పట్టుకుని వంచేశారట. దీనికి మేము లెక్క వేయలేదు. కానీ ఒక శుక్రవారం సాయంత్రం మన పిల్లలను కొందరిని బర్కా తీసుకెళ్ళాము. మస్కట్‌లో ఉండేవాళ్ళకు తెలుసు, చలికాలంలో అక్కడ ఎద్దుల పోట్లాట పెడతారు. స్పెయిన్ లాగా కాదు, మనిషి ఎద్దును చంపడు. రెండు ఎద్దులను ఎదురెదురుగా వదులుతారు, అవి తలలు ఆనించి తోసుకుంటాయి, వెనక్కి తగ్గింది ఓడినట్టు. కాళ్ళకు కట్టిన తాళ్ళు పట్టుకుని మనుషులు సిద్ధంగా ఉంటారు. ఒకసారి ఒక ఎద్దు తిరగబడి జనం వైపు వస్తే, తాడు పట్టుకున్న ఐదారుగురు ఒమానీ యువకులు ఇసుకలో మడమలు తన్నిపెట్టి ఈడ్చుకుపోయారు. దగ్గర నుంచి ఆ మెడ, ఆ మూపురం చూశాక మన పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తిరుగు ప్రయాణంలో, అలీ గురించి మాట్లాడిన పిల్లవాడు, రామమూర్తి గారు ఒక్కరే పట్టుకున్నారా అని మాత్రం అడిగాడు. అలా చెప్పుకుంటారు అన్నాము. నిజమే అని మేము అనలేదు. ఏనుగు లెక్కకు, ఎద్దు కథకు తేడా వాడికి తెలియాలనే.

ఇంకో కథ ఉంది. విదేశంలో ఒక ప్రదర్శనలో ఎవరో కుట్ర పన్ని గట్టి బల్ల స్థానంలో బలహీనమైన బల్ల పెట్టారట. ఏనుగు ఎక్కగానే బల్ల విరిగి, ఆ ముక్కలు ఛాతీలో దిగబడి, శస్త్రచికిత్స అయ్యి నెలల తరబడి మంచం పట్టారని చెబుతారు. చిన్నప్పుడు ఇది విన్నప్పుడు మాకు ఏనుగు బరువుకి దెబ్బ తగిలిందని అర్థమైంది. లెక్క వేశాక అసలు విషయం తెలిసింది. ప్రమాదం ఏనుగుతో కాదు, బల్లతో! మూడు చదరపు అడుగుల మీద పరుచుకున్న బరువు, విరిగిన బల్ల మొన మీద పది చదరపు సెంటీమీటర్లకు చేరితే, ఏనుగు బరువులో ఇరవై అయిదో వంతు చాలు, ఎముక విరుగుతుంది. శత్రువు ఎవరో గానీ, ఆ ప్రదర్శనలోని కీలకం ఎక్కడుందో బాగా తెలిసినవాడు. చెప్పుకునే కథలన్నిటిలోనూ మేము ఎక్కువ నమ్మేది ఈ కథనే. వీరుణ్ణి గొప్ప చేయడానికి పుట్టే కథల్లో బల్ల విరగదు.

ఆ రోజుల్లో ఆయన సంపాదన లక్షల్లో అంటారు. ఉపాధ్యాయుడి జీతం రూపాయల్లో ఉన్న రోజులవి. ఆ డబ్బు దానధర్మాలకు, వ్యాయామశాలలకు, జాతీయోద్యమానికి వెళ్ళిపోయింది. మేడలు కట్టలేదు, భూములు కొనలేదు. గల్ఫ్‌లో నెలనెలా ఇంటికి డబ్బు పంపి, రెండు ప్లాట్లు కొనుక్కుని నిశ్చింతగా ఉండే మనలాంటివాళ్ళకు ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఇలా రాస్తున్నందుకు ఇంట్లో వాళ్ళు కూడా మమ్మల్ని అడిగారు, ఆయన కుటుంబం గతి ఏమిటి మరి అని. న్యాయమైన ప్రశ్న. మనకు మహానుభావుల జీవితాలు చదివేటప్పుడు దానం చేసిన పేజీ మీద పడ్డ వెలుగు, ఆ ఇంటి వంటగది మీద పడదు.

వయసు మళ్ళాక ఒక కాలికి పుండు లేచి, ముదిరి, చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. క్లోరోఫాం వద్దని, ప్రాణాయామంతోనే ఆ నొప్పి ఓర్చుకున్నారని చెబుతారు. కార్లను ఆపిన మనిషి నాలుగడుగులు వేయడానికి కర్ర పట్టుకోవాల్సి వచ్చింది. సర్కస్ లేదు, డబ్బు లేదు. బాక్సింగ్ ఛాంపియన్ల కథలు కూడా చాలావరకు ఇలాగే ముగుస్తాయి. జో లూయిస్ పన్నెండేళ్ళు హెవీవెయిట్ కిరీటం నిలబెట్టుకుని, పన్ను బాకీలలో మునిగి, చివరి రోజుల్లో లాస్‌వేగాస్ కాసినోలో వచ్చినవారికి నమస్కారం పెట్టే ఉద్యోగం చేశాడు. రామమూర్తి గారికి ఒరిస్సాలో పాట్నా సంస్థానం వారు ఆశ్రయమిచ్చారు. ఆ సంస్థానంలోని బలాంగీర్‌లో 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు. మరో ఏడు నెలలకు క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఐదున్నరేళ్ళకు స్వాతంత్ర్యం వచ్చింది. రెండూ చూడలేదు.

ఆయన తరువాత ఏం మిగిలింది? శ్రీకాకుళంలో కోడి రామమూర్తి స్టేడియం ఉంది. విశాఖపట్నం బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. తెలుగునాట బలవంతుణ్ణి భీముడితో పోల్చే అలవాటు పాతదే అయినా, కలియుగ భీముడు అంటే ఒక్కరే. 1963లో నర్తనశాల సినిమాలో భీముడిగా నటించిన దండమూడి రాజగోపాలరావు గారు నిజంగానే వెయిట్ లిఫ్టర్, విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆ తరంలో బలానికి దిగిన తెలుగు యువకుడెవరైనా రామమూర్తి పేరు వినకుండా పెరిగి ఉండడు.

శ్రీకాకుళం జిల్లాలోనే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అనే చిన్న ఊరు. అక్కడ పెరిగిన కరణం మల్లేశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ రోజు మేము ఇంకా హైదరాబాదులో బ్యాచిలర్ గదిలో ఉన్నాము, పక్కగదుల వాళ్ళందరం ఒకే టీవీ ముందు కూర్చున్నాము. గోదాలోకి ఆడపిల్లలకు అడుగుపెట్టే వీలు లేని కాలంలో రామమూర్తి గారు పెరిగారు. ఆయన సీమ నుంచి ఆడపిల్ల బరువులెత్తి దేశానికి పతకం తేవడం ఆయన చూడాల్సింది. ఇక బాక్సింగ్ అంటారా, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. హెవీవెయిట్ కాదు, దాదాపు యాభై కిలోల మనిషి. ఆ సంగతి చెబితే మన క్లాసులో వెనక బెంచీ అమ్మాయిలు ఇద్దరు మొదటిసారి తల ఎత్తి విన్నారు.

ఈ సంచిక అచ్చుకు వెళ్ళేముందు, ప్రశ్న అడిగిన పిల్లవాడికి ఈ వ్యాసం చదివి వినిపించాము. ఏనుగు లెక్క రెండుసార్లు చెప్పించుకున్నాడు. తరువాత పరీక్ష అట్ట ఒకటి తెచ్చి, దిండు మీద పెట్టి, దానిమీద తెలుగు వాచకాలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు పుస్తకాల దాకా దిండు అణిగింది గానీ అట్ట విరగలేదు. ఆ తరువాత మన బడిలో పుస్తకాలు అయిపోయాయి. వేసవి సెలవులకు వాళ్ళు విశాఖపట్నం వెళుతున్నారు, బీచ్ రోడ్డులో దిగి విగ్రహం దగ్గర ఫోటో తీసి పంపుతానన్నాడు.